ఈల ఊదితే ఆపాలి

సీతారత్నానికి నవ్వకూడని చోట నవ్వొచ్చే జబ్బు చిన్నప్పటి నుంచీ ఉంది. తణుకు హైస్కూల్లో హెడ్మాస్టారు కన్నీళ్లు పెట్టుకుని వీడ్కోలు ఉపన్యాసం ఇస్తుంటే వచ్చింది. డిగ్రీ తర్వాత వ్యాయామ విద్య కోర్సులో చేరితే వైవాలో వచ్చింది. పెళ్లిలో శశిధర్ జీలకర్ర బెల్లం నెత్తిన పెడుతున్నప్పుడు వచ్చింది, అది చూసిన పంతులుగారు మంత్రం ఎక్కడ ఆపారో మర్చిపోయారు. ఇన్ని నవ్వుల్లో ఎవరికీ పెద్ద నష్టమేమీ జరగలేదు. నష్టం జరిగింది ఢిల్లీలో, సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్లో, తొంభై ఆరు చలికాలంలో, మొగుడూ పెళ్లాం ఎదురెదురుగా కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటున్న ఒక ఆదివారం.

శశిధర్‌ది జనగామ వైపు. ముప్పై ఏళ్లుంటాయి. ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. పైఅధికారి ఫోన్‌లో పలకరించినా కుర్చీలోంచి లేచి నిలబడే రకం. అలాంటి మనిషి ఆ రోజు ముఖం బఠాణీల పళ్లెంలో పెట్టుకుని, గొంతు సవరించుకుని, మళ్లీ సవరించుకుని చెప్పాడు.

"రత్నం, ఒకటి చెప్త. నువ్వు నన్ను కొడితే మంచిగుంటదని ఎప్పటినుంచో ఉన్నది. కోపంతోని కాదు. ప్రేమతోనే. ఇట్ల... వెనక."

రత్నం ఆయన ముఖం చూసింది. ఫోన్‌కి లేచి నిలబడే ఆ మనిషి కళ్లముందు కదిలాడు. అంతే, నోట్లో ఉన్న పచ్చి బఠాణీ ఎగిరివెళ్లి కుక్కర్ మూత మీద టంగుమని పడింది. పొట్ట పట్టుకుని నవ్వింది. ఆపుకుందామని కొంగు నోట్లో కుక్కుకుంటే నవ్వు ముక్కులోంచి వచ్చింది.

శశిధర్ కూడా నవ్వినట్టే మూతి కదిపాడు. "ఊకెనే అన్నా. ఇడిసెయ్" అని మిగిలిన కాయలన్నీ తనే ఒలిచేశాడు.

ఆ మర్నాటి నుంచి ఆయన మర్యాదస్తుడైపోయాడు. నీళ్లు కావలిస్తే వీలైతే ఇవ్వమంటాడు. కూర బాగుంటే థాంక్యూ అంటాడు. పడుకునేముందు దుప్పటి సరిపోయిందా అని అతిథిని అడిగినట్టు అడుగుతాడు. పోట్లాడినా రత్నానికి అంత భయం వేసేది కాదు. ఈ మనిషి ఇకమీదట తనను మనసులో మాట ఒక్కటీ అడగడని అర్థమైంది. ఎన్నేళ్లుగానో దాచుకుని, తనను నమ్మి తలుపు కాస్త తీస్తే, ఆ తలుపు మీదే తను ఫక్కున నవ్వింది.

రత్నం వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. పాడుచేసిన పనిని సరిచేసే దాకా ఆమెకు తిండి సహించదు. పొగమంచులో ఆయన ఆఫీసుకీ, తను పీటీ టీచరుగా పనిచేసే స్కూలుకీ ఇద్దరూ బస్సు కోసం నిలబడి ఉండగా గట్టిగానే మొదలుపెట్టింది. ఢిల్లీలో తెలుగువాళ్లకున్న సౌకర్యం అదే కదా, రహస్యాన్ని బస్టాపులో కూడా గొంతెత్తి చెప్పుకోవచ్చు.

"ఏవండీ, నేను నవ్వింది మీ కోరికని చూసి కాదు. నాకు భయం వేసినా నవ్వే వస్తుంది, బెంగ వేసినా నవ్వే వస్తుంది. మీరంటే నాకు ఎగతాళి లేదు. ఇంకోసారి చెప్పండి, ఈసారి పళ్లు బిగబట్టుకుని వింటాను."

శశిధర్ బస్సు వచ్చే దిక్కుకు తిరిగాడు. అటే చూస్తూ కొంచెం కొంచెంగా చెప్పాడు. ఇలాంటి ఆశ ప్రపంచంలో తనొక్కడికే ఉందేమోనని చాలాకాలం సిగ్గుపడ్డాడట. దరియాగంజ్ ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో విదేశీ పత్రిక ఒకటి తిరగేస్తే, పెద్దవాళ్లు ఇద్దరూ ఇష్టపడి, హద్దులు ముందే మాట్లాడుకుని, దెబ్బ తగలకూడని చోట్లు తెలుసుకుని ఆడుకునే ఆట ఇదని ఉందట.

"పొద్దటినుంచి రాత్రి దాక నన్ను అడిగి చేసేటోడు ఎవడున్నడు? అన్నీ వచ్చి మీదపడతయి. ఇది నేను అడిగితేనే వస్తది, వద్దంటే ఆగుతది. నువ్వైతే ఆపుతవు. అందుకే నిన్ను అడిగిన."

రత్నానికి ఈసారి నవ్వు రాలేదు. ఏదో చెప్పబోతుండగా వాళ్ల వెనక మఫ్లర్ చుట్టుకుని నిలబడ్డ పెద్దాయన దగ్గి, "బస్సొచ్చిందండీ, ముందు మీరెక్కండి" అన్నాడు, శుభ్రమైన తెలుగులో. ఇద్దరూ ఆ బస్సు ఎక్కలేదు. తర్వాతి బస్సు కూడా తటపటాయిస్తూనే ఎక్కారు.

ఆ వారమంతా మాటలే. ఆయన తనకు వద్దనిపించినవి చెప్పాడు. ముఖం మీద వద్దు, తిట్లు వద్దు, బెల్టు అసలే వద్దు, బెల్టంటే చిన్నప్పటి లెక్కల మాస్టారు గుర్తొస్తాడు. రత్నం తనవి చెప్పింది. ఇద్దరిలో ఎవరికి కోపంగా ఉన్నా, ఒంట్లో బాగాలేకపోయినా ఆ రోజు లేదు. ఆయన ఆపమంటే ఆపుతుంది. తనకు మనస్కరించకపోతే తనూ ఆపుతుంది, దానికి ఆయన చిన్నబుచ్చుకోకూడదు. శశిధర్ అన్నిటికీ తలూపాడు. పైఅధికారికి ఊపే తల వేరు, ఇది వేరు.

ఇక రత్నం ఆ పనిని టోర్నమెంటుకు జట్టును తయారు చేసినట్టు పట్టుకుంది. స్కూల్లో పిల్లలకు దెబ్బలు తగిలితే కట్లు కట్టేది ఆవిడే కాబట్టి ఒళ్లు ఎక్కడ తట్టుకుంటుందో, ఎక్కడ తట్టుకోదో తెలుసు. నడుం దగ్గర లోపల కిడ్నీలుంటాయి, అక్కడ తగలకూడదు. వెన్నుపూస, దాని చివరి ఎముక, తుంటి ఎముక, మోకాలి వెనక పల్లం, ఇవన్నీ దూరంగా ఉంచాల్సినవే. పిరుదుల్లో కండ దట్టంగా ఉండే కిందిసగం మంచిది. తొడల వెనక పైభాగం ఫరవాలేదు గానీ అక్కడ చెయ్యి తేలిగ్గా ఉండాలి. సన్నటి స్కేలు చప్పుడు చెయ్యకుండానే లోపలికి కోస్తుంది. వెడల్పుగా, చదునుగా ఉన్నది చప్పుడెక్కువ చేసి నొప్పి తక్కువ పెడుతుంది. ఆలోచించి ఆలోచించి తన టేబుల్ టెన్నిస్ బ్యాటు తీసింది. ముందు తన తొడ మీద తనే వేసుకుని చూసుకుంది. రబ్బరు వైపు మెత్తగా, వెచ్చగా ఉంది. చెక్క అంచు తగిలితే మాత్రం చుక్కలు కనిపించాయి. అంచు తగలకూడదు అని గట్టిగా అనుకుంది.

గురి కుదరాలి కదా. చలికాలం ఎండ వస్తే కాలనీలో ఆడవాళ్లందరూ చలికి కప్పుకునే దూది రజాయిలు మేడ మీద ఆరేసి కర్రలతో దులుపుతారు. రత్నం కూడా తమ రజాయి పిట్టగోడ మీద వేసి, టైలరు సుద్దముక్కతో రెండు గుండ్రాలు గీసి, బ్యాటుతో సాధన మొదలుపెట్టింది. దెబ్బ భుజంలోంచి కాదు, మణికట్టులోంచి రావాలి. ఒకే బలంతో, ఒకే చోట, మధ్యలో వ్యవధి ఇస్తూ.

కింది అంతస్తు ఆహుజా ఆంటీ కాసేపు చూసి ఉండబట్టలేకపోయింది. "అరే బేటీ, రజాయి మొత్తం దుమ్ముంటే నువ్వు రెండు చోట్లే కొడతావేం?" అని హిందీలో అడిగింది. అక్కడే ఎక్కువ దుమ్ముందని రత్నం చెప్పింది. ఆంటీ ఆ గుండ్రాలను పరీక్షగా చూసి, మద్రాసీ పిల్లలు ఏ పనైనా లెక్కగా చేస్తారని మెచ్చుకుని, తన రజాయిలు కూడా తెచ్చి పక్కన పడేసింది. రత్నం వాటినీ దులిపింది. సాధన సాధనే.

మిగిలింది ఆపమనే గుర్తు. "వద్దు, వద్దు" అనడం సరదాకీ అనొచ్చు కాబట్టి వేరే ఏదో ఉండాలి. రత్నం తన పీటీ ఈల తీసి ఆయన మెడలో వేసింది. ఈల వినపడితే చెయ్యి గాల్లో ఉన్నా ఆగిపోతుందని, ఆటలో అది తిరుగులేని నియమమని చెప్పింది. ఎప్పుడు కావలిస్తే అప్పుడు ఊదడానికి వీలుగా నోట్లోనే పెట్టుకోమంది. ఇద్దరికీ ఇది బ్రహ్మాండంగా తోచింది. అందులో ఉన్న లోపం ఇద్దరికీ తట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. ప్రతి మేడ మీదా ధబ్ ధబ్ మని రజాయిల మోత. ఆ మోతలో తమ చప్పుడు ఎవరికి వినపడుతుంది? రత్నం తలుపు గడియ పెట్టింది. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి సిద్ధంగా ఉంచింది. శశిధర్ పైజమాతో మంచం మీద బోర్లా పడుకుని, దిండు కౌగిలించుకుని, ఈల పళ్ల మధ్య పెట్టుకున్నాడు. రత్నం బుగ్గలు లోపలికి కొరుక్కుంది. ఈసారి నవ్విందా, ఆయన ఇక జన్మలో అడగడు. చచ్చినా నవ్వకూడదు.

ముందు ఖాళీ చేత్తోనే, పిల్లలకు వార్మప్ చేయించినట్టు, తేలిగ్గా మొదలుపెట్టింది. రెండు దెబ్బలకోసారి ఆగి అరచెయ్యి అక్కడే ఆనించి ఉంచింది. తర్వాత బ్యాటు తీసింది. ఫట్. గురి సుద్దగీతలో పడ్డంత చక్కగా పడింది.

"ఏవండీ, పదికి ఎన్ని మార్కుల నొప్పండీ?"

శశిధర్ మూడు వేళ్లు చూపించాడు. ఆమె ఇంకోటి వేసింది. "ఇప్పుడండీ?" నాలుగు వేళ్లు. ఆయన మెల్లగా తలతిప్పి ఎదురుగా బీరువా అద్దంలోకి చూశాడు.

పీ మని ఈల మోగింది.

రత్నం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. "ఏమైందండీ?" అంది. జవాబుగా పీ, పీ, పీ. "ఎక్కడండీ? ఎముకకి తగిలిందా?" పీపీపీపీ. ఆయన వీపు అదురుతోంది, దిండులో ముఖం దాచుకున్నాడు, ఈల ఆగడం లేదు. ఏడుస్తున్నాడనుకుంది. బ్యాటు చేతిలోంచి జారవిడిచి, ఐసు తెచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన మెడ మీద పెట్టింది. అప్పుడు వచ్చిన ఈలకు కిటికీ మీది పావురాలు ఎగిరిపోయాయి.

తలుపు దబదబ బాదారు. రత్నం అయోమయంలో కింద పడ్డ బ్యాటును మళ్లీ చేతిలోకి తీసుకుని మరీ వెళ్లి తలుపు తీసింది. ఎదురుగా ఆహుజా ఆంటీ, చేతిలో రజాయి కర్రతో. వెనక మెట్ల మీద చౌకీదారు. దొంగ వచ్చాడా అని ఆంటీ అడిగింది. అంతలో ఆమె చూపు బ్యాటు మీద పడింది. చెమట పట్టిన రత్నం ముఖం మీద పడింది.

"అచ్ఛా, ఇంట్లో టీటీ ఆడుతున్నారా?"

"హా జీ ఆంటీ. మ్యాచ్."

ఈలతో సహా ఆడుతున్నారా అని ఆంటీ ఆశ్చర్యపోయి, ఎవరు గెలుస్తున్నారని అడిగింది. లోపలి గదిలోంచి, రజాయి కప్పుకున్న గొంతుతో, శశిధర్ హిందీలో చెప్పాడు. "ఆవిడే ఆంటీ. నేనింకా ఖాతా తెరవలేదు." ఠీక్ హై, ఆరోగ్యానికి మంచిది అనుకుంటూ ఆంటీ, చౌకీదారూ దిగిపోయారు.

రత్నం తలుపుకు వీపు ఆనించి నిలబడిపోయింది. గదిలో శశిధర్ లేచి కూర్చున్నాడు. కళ్లు నీళ్లతో నిండి ఉన్నాయి. ఈల గడ్డం కింద వేలాడుతోంది. ఆయన ఏడవడం లేదు. నవ్వీ నవ్వీ అలసిపోయి ఉన్నాడు.

"మీరు నవ్వారా?" అంది రత్నం. "నేను హడలి చచ్చాననుకోండి. ఎందుకు నవ్వారు?"

"అద్దంల నీ ముఖం చూసిన. బుగ్గలు కొరుక్కొని, కళ్లు ఇంతేసి చేసుకొని, మార్కులు అడుగుతున్నవు. నవ్వాగలే. ఆపమందామంటే నోట్ల ఈల. ఊపిరి ఇడిస్తె అదే మోగుతది."

"నేను నవ్వకూడదని ఎంత కష్టపడ్డానో తెలుసా?"

"తెలిసింది. అందుకే నవ్వొచ్చింది." శశిధర్ ఈల మెడలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఆ రోజు నువ్వు నన్ను చూసి నవ్వినవనుకున్న రత్నం. గిప్పుడు నేను నవ్వింది నిన్ను చూసి ఎగతాళికా? ముద్దొచ్చి నవ్విన. నీది కూడ గట్లనేమో."

అప్పుడు వచ్చింది రత్నానికి, వారం నుంచి బిగబట్టిందంతా. మంచం మీద కూలబడి నవ్వింది. మెడ మీద ఐసు ముక్క సంగతి ఆయన ఎత్తేసరికి దొర్లింది. పై మేడ రజాయి మోత ఆగిపోయి, మళ్లీ అందుకుంది.

నవ్వులు తగ్గాక, ఇంకా కావాలా అని ఆమె అడిగింది. కావాలన్నాడు. ఈల అల్మారాలోకి వెళ్లిపోయింది. దాని బదులు చౌరస్తా దీపాలు పెట్టుకున్నారు. పచ్చ అంటే సరే, పసుపు అంటే నెమ్మది, ఎరుపు అంటే ఆగు. నవ్వు అంటే నవ్వే, దానికి ఏ రంగూ లేదు.

ఈసారి రత్నం మార్కులు అడగలేదు. రంగు అడిగింది, మధ్యమధ్య నవ్వింది, చెయ్యి మాత్రం గురి తప్పలేదు. ఆయన "పచ్చ" అంటూ అంటూ నెమ్మదిగా మాట తగ్గించేశాడు. ఆఫీసు ఫైళ్లన్నీ మోసినట్టు ఎప్పుడూ పైకి లేచి ఉండే ఆ భుజాలు దిండు మీద వదులుగా వాలిపోవడం రత్నం మొదటిసారి చూసింది. "పసుపు" అన్నాడు. తేలిక చేసింది. ఇంకాసేపటికి చాలన్నాడు. చాలించింది. శాలువా కప్పి, పక్కనే కూర్చుని వీపు నిమిరింది. కందిందా, కమిలిందా అని చూసింది. గులాబీరంగు, అంతే. అల్లం టీ పెట్టి, నువ్వులూ బెల్లంతో చేసే గజక్ ముక్క నోట్లో పెట్టింది. మర్నాడు ఆఫీసు నుంచి రాగానే మళ్లీ అడిగింది, ఎలా ఉందని. చెక్క కుర్చీలో రోజంతా కూర్చున్నాననీ, ఫోన్ వస్తే మాత్రం లేవలేదనీ చెప్పాడు. బద్ధకం వేసిందట.

మర్యాదలు పోయాయి. కూరలో ఉప్పు తక్కువైందని బుధవారం గొణిగాడు. రత్నానికి ప్రాణం లేచొచ్చింది.

వచ్చిన ఆదివారం మళ్లీ బఠాణీలు తెచ్చారు. బయట ఎండ కాస్తోంది, ఎక్కడో మొదటి రజాయి ధబ్‌మంది. శశిధర్ పళ్లెంలోంచి తలెత్తి నేరుగా ఆమె కళ్లలోకి చూశాడు.

"రత్నం, ఇయ్యాల కొడతవా?"

రత్నం ఫక్కున నవ్వింది. నోట్లో బఠాణీ ఎగిరి మళ్లీ కుక్కర్ మూత మీదే పడింది. శశిధర్ దాన్ని తీసి ఆమె మీదకే విసిరి, ఇంకో కాయ ఒలుస్తూ జవాబు కోసం చూశాడు.

"ముందు ఇవి కానివ్వండి" అంది రత్నం.