దూది అసలు పేరు

సోమవారం నుంచి ఆవిడ కుట్టుషాపులో పనికి వెళ్లాలి. పెళ్లయిన ఇన్నేళ్లకి దొరికిన మొదటి ఉద్యోగం. అడ్డం పడ్డది దూది ఒక్కటే. ఆ కుక్కని ఇంట్లో ఒంటరిగా వదిలితే చాలు, కొంపలు మునిగినట్టు ఏడ్చి వీధంతా ఏకం చేస్తుంది. పై వాటాలో ఉండే ఇంటి ఓనరు ఇప్పటికే రెండుసార్లు మెట్లు దిగొచ్చాడు. మూడోసారి దిగితే ఇల్లు ఖాళీ చెయ్యమనకుండా పైకెక్కడు. అందుకే ఆదివారం పొద్దున్నే దూదిని ఒళ్లో కుక్కుకుని, కూతురి స్కూటరెక్కి కుక్కల డే కేర్లు చూడటానికి బయల్దేరింది.

మొదటిచోట నేల అద్దంలా మెరుస్తోంది. "జారిపడితే తుంటి విరగదూ?" అని గుమ్మంలోంచే వెనక్కి తిరిగింది. రెండోచోట ఓ బుల్‌డాగ్ పడుకుని ఉంది.

"దాని చూపు చూడవే! మన దూదిని చూసి నోరు తెరుస్తోంది."

"ఆవులించిందమ్మా అది."

"ఆవులింతా పాడా! దూది పడుతుందో లేదో నోరు కొలుచుకుంటోంది."

మూడోచోట కూతురు స్కూటరాపి తాళం చేతిలోకి తీసుకుంది. "ఇదే ఆఖరిది. దీనికీ వంక పెడితే, దూదిని చంకనేసుకుని నువ్వే కుట్టుషాపుకి పో."

లోపల ఇసక పోసిన పెరడు, రేకుల నీడ, ఓ మూల నీళ్ల తొట్టి. మెడలో ఈల వేసుకుని, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచిన ఒకామె ఎదురొచ్చింది. ఆవిడ మనసులోనే ఆమెకి కుక్కల పంతులమ్మ అని పేరు పెట్టేసింది.

"ఆ తొట్టి లోతెంత? మా దూదికి ఈత రాదు."

"మోకాలి దాకా కూడా ఉండదండీ."

"ఎవరి మోకాలు? మీదా, దూదిదా?"

పంతులమ్మ నవ్వు మింగింది. "మాది ఒక్కటే నిబంధన ఆంటీ. గేటు తీసినప్పుడల్లా ఏదో ఒకటి రోడ్డు మీదకి ఉరకబోతుంది. పేరు పెట్టి పిలిస్తే వెనక్కి రావాలి. రాని కుక్కని పెట్టుకోను."

ఆవిడ భయాలన్నిట్లోకీ పెద్దది ఆ రోడ్డే. వంక పెడదామన్నా నోరు రాలేదు. దూదిని ఇసకలో వదిలింది. అది మూతి నేలకానించి తిరగడం మొదలుపెట్టింది.

"దూదీ!" అని పిలిచింది పంతులమ్మ. చెవి కూడా కదల్లేదు.

"దూదీ, నా తల్లీ, ఇటు రావే!" అని ఈసారి ఆవిడే పిలిచింది. ఊహూఁ. ఆవిడ కూతురి వైపు తిరిగింది. "దీనికి చెవుడేమోనే! అయ్యో, ఇన్నాళ్లూ కనిపెట్టలేకపోయాను."

"మూడు గదుల అవతల బిస్కెట్ కవరు విప్పితే వినబడుతుంది. దానికి చెవుడేంటమ్మా!"

పంతులమ్మ తల అడ్డంగా ఊపింది. "కొన్నాళ్లు పేరు అలవాటు చేసి తీసుకురండి ఆంటీ."

కొన్నాళ్లా? కుట్టుషాపు వాళ్లు కొన్నాళ్లు మిషను ఖాళీగా పెట్టుకుంటారా? ఆవిడ కళ్ల ముందే ఉద్యోగం నీరుగారిపోతుంటే, అవతల దూది తొట్టి అంచు మీద కాళ్లు పెట్టి లోపలికి వంగింది.

"వద్దు!" ఆవిడ పెట్టిన కేకకి రేకులు అదిరాయి.

దూది చెవులు నిక్కాయి. ఇసక ఎగజిమ్ముతూ ఒక్క పరుగున వచ్చి, ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని, పిలిచావా అన్నట్టు తోకాడించింది.

పంతులమ్మకి ఏదో అనుమానమొచ్చింది. పెరడు ఆ చివరికి వెళ్లి "దూదీ" అంది. ఉలుకూ పలుకూ లేదు. "వద్దు" అంది మెల్లగా. దూది రివ్వున ఆమె దగ్గరికి దూసుకుపోయింది.

కూతురు నవ్వలేక పొట్ట పట్టుకుని ఇసకలో కూలబడింది. "అమ్మా! వద్దు, సోఫా ఎక్కకు. వద్దు, వానలో తడవకు. వద్దు, అది నాకకు. పొద్దున్న లేస్తే నువ్వు దాన్ని పిలిచేది అలాగేగా! పాపం, అదే తన పేరనుకుంది."

"నోర్ముయ్యవే."

"బళ్లో హాజరు పిలిచారు కాబట్టి సరిపోయింది. లేకపోతే నా పేరూ అదే అనుకునేదాన్ని."

ఆవిడ మొహం కందగడ్డయింది. పంతులమ్మే ఆదుకుంది. "పేరేదైతేనేం ఆంటీ, పిలిస్తే వచ్చింది. రేపే తీసుకురండి. మిగతా కుక్కలకి మేం 'వద్దు' బదులు 'ఆగు' అని చెప్పుకుంటాంలే. కాకపోతే వదిలి వెళ్లేటప్పుడు మీరు మాత్రం ఆ మాట అనకూడదు. అన్నారా, గోడ దూకైనా మీ దగ్గరికొచ్చేస్తుంది."

సోమవారం వచ్చింది. దూది లోపలికి అడుగుపెట్టీ పెట్టగానే ఓ పెద్ద నల్లకుక్క వచ్చి వాసన చూసింది. ఆవిడ నోరు తెరిచి, చేత్తో మూసుకుంది. దూది నీళ్ల పైపు కొరికింది. ఇసక నాకింది. గొంతు దాకా వచ్చిన మాటని ఆవిడ చేదుమాత్రలా మింగింది, మళ్లీ మింగింది. గేటు పడింది. కళ్లు తుడుచుకుంటూ స్కూటరెక్కింది.

కూతురు బండి తిప్పీ తిప్పగానే సందు మొదట్లో ఓ లారీ అడ్డమొచ్చింది.

"వద్దే! వద్దు, వద్దు!"

గోడ వెనక నుంచి "భౌ!" అని బదులొచ్చింది. ఆ వెంటనే గేటు రేకు మీద గోళ్ల చప్పుడు. "ఆంటీ! మీరింకా పోలేదా!" అని పంతులమ్మ అరుపు, ఈల.

లారీ కాస్త పక్కకి జరిగింది. ఆవిడ ఒక చేత్తో నోరు గట్టిగా మూసుకుని, రెండో చేత్తో కూతురి వీపు మీద చరిచింది.

"పోనివ్వవే, తొందరగా పోనివ్వు!" అంది వేళ్ల సందుల్లోంచి.

ఆవిడ నోట 'పోనివ్వు' అన్న మాట వినడం కూతురికి అదే మొదటిసారి.