భుజం మీద చెయ్యి

మా అమ్మాయి భద్రమైన అభ్యంగనానికి, అంటే పిల్లలు ఎదిగాక చర్చిలో వాళ్ల విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారానికి, జ్ఞానతల్లి ఎవరన్నది మా అక్క ఎప్పుడో తేల్చేసింది. తనే. ఆ రోజుకని చీర కూడా కొనుక్కుంది. బిషప్ గారు నుదుట తైలం రాసేటప్పుడు వెనక నిలబడి, పిల్ల భుజం మీద చెయ్యి వేసి, విశ్వాసంలో తోడుంటానని మాటిచ్చే మనిషి మేనత్త కాక ఇంకెవరని ఆమె వాదన. తల్లి లేని పిల్ల కదా, నేనూ తలూపాను.

"నాకు టైలరమ్మ కావాలి నాన్నా," అంది మా అమ్మాయి.

అక్క టీ కప్పు కింద పెట్టింది. "ఇంట్లో మనుషులు కరువయ్యారా? గౌన్లు కుట్టినంత మాత్రాన చుట్టరికం కుట్టేస్తుందా?"

టైలరమ్మ ఉండేది మా పై అంతస్తులోనే. నా భార్య పోయిన ఏడు, పిల్ల ఎదుగుతోందన్న సంగతి నాకు తట్టనే లేదు. ఆవిడ మెట్ల మీద ఎదురై, పొట్టిదైపోయిన గౌను చూసి, పిల్లను పైకి తీసుకెళ్లి, అంచు మడత విప్పి పొడుగు చేసి పంపింది. ఆ తర్వాత పిల్ల ఎప్పుడు దిగులుగా కనిపించినా, కొలతలు తీసుకోవాలి రమ్మని పిలిచేది. అన్నిసార్లు కొలవాల్సిన బట్టలు మా ఇంట్లో లేవని నాకు చాలాకాలానికి గానీ తెలిసిరాలేదు.

అమ్మాయినీ వెంటబెట్టుకుని అడగడానికి వెళ్లాను. ఆవిడ పెదాల మధ్య ఉన్న గుండుసూదులు తీసి దిండుకు గుచ్చింది.

"నేను పనికిరానమ్మా. నా వంతొచ్చిన ఏడు గవదబిళ్లలతో మంచమెక్కాను. తర్వాత పెళ్లి, మిషను, సంసారం. నాకే అభ్యంగనం కాలేదు. కానివాళ్లు ఇంకొకరికి జ్ఞానతల్లిగా నిలబడకూడదు."

"ఇప్పుడెవరడుగుతారు లెండి," అన్నాను.

"ఎవరూ అడగరు అన్నయ్యగారూ. కానీ చెయ్యి నాది కదా, దానికి తెలుస్తుంది."

అమ్మాయి ఆ రాత్రి అన్నం సగంలో వదిలేసింది.

ఆదివారం అమ్మాయిని చర్చిలో అభ్యంగనం క్లాసుకు దింపడానికి వెళ్తే, పిల్లల బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని టైలరమ్మ కూర్చునుంది. ముందు తను అభ్యంగనం పుచ్చుకుంటే తర్వాత నిలబడవచ్చని ఫాదర్ గారు చెప్పారట.

"ఆంటీ, ప్రార్థనలు కంఠతా వచ్చా?" అన్నాడొక గడుగ్గాయి.

"వచ్చాయి గానీ, నీ చొక్కా గుండీ ఎటు పోయింది?"

ఇక ఒక్కటే చిక్కు. ఆవిడకూ ఒక జ్ఞానతల్లి కావాలి. ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి మా అక్క ముందు నిలబడింది.

"అక్కగారూ, నా వెనక మీరు నిలబడతారా? చీర ఎలాగూ కొన్నారు. జాకెట్టు నేను కుడతాను."

అక్క లోపలికెళ్లి, చీరతో వచ్చిన జాకెట్టు గుడ్డ తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

"చేతులు బిగుతుగా కుట్టకు," అంది. "చెయ్యెత్తి భుజం మీద వెయ్యాలిగా."

ఆ రోజు వరసలో మొదటి మనిషి టైలరమ్మ, రెండోది మా అమ్మాయి. ఆవిడ తైలం పుచ్చుకుని, తడి నుదుటితోనే పక్కకు జరిగి మా అమ్మాయి వెనకకు వచ్చింది. ఆవిడ భుజం మీది చెయ్యి తియ్యడం మరిచిపోయి మా అక్క కూడా వెంటే వచ్చేసింది. ఫాదర్ గారు చూసి, కాస్త పక్కకు జరిగి చోటిచ్చారు.

టైలరమ్మ వేళ్లు అలవాటుకొద్దీ మా అమ్మాయి భుజం కుట్టును ఒకసారి తడిమి చూసుకుని, తర్వాత అక్కడే కుదురుకున్నాయి.