మెలిక తివాచీ

నేను ఒక తివాచీని. ఏలూరులో తంగెళ్ళమూడి సందులో, కాశింబీ ఇంటి పంచలో పుట్టాను. ఆ పంచలో నాకన్నా ముందు పుట్టినవన్నీ తిన్నగా, నలుపలకలుగా పుట్టాయట. నేను మాత్రం ఇద్దరు తోడికోడళ్ళ అలకలో పుట్టాను.

చాపయితే అల్లుకుంటూ పోతే వచ్చేస్తుంది. జంపఖానాకి పడుగూ పేకా చాలు. మిషను తివాచీకి వెనక బంక పూసి సరిపెడతారు. మా సంగతి వేరు. నిలువు మగ్గానికి బిగించిన నూలుపోగులకు ఒక్కొక్క ఉన్ని ముడీ వేసి, కత్తితో కోసి, వరస పూర్తయ్యాక అడ్డదారం దూర్చి, ఇనపపళ్ళ పంజాతో దిగ్గొట్టాలి. మగ్గం ముందు బల్ల మీద కుడివైపు పెద్దకోడలు హుస్సేనమ్మ, ఎడమవైపు చిన్నకోడలు మీరాబీ. పువ్వుల నమూనా కాగితం మీద ఉండదు. ఎవరి సగం వాళ్ళకి నోటికొచ్చు.

హుస్సేనమ్మ కోడిపెట్ట పోయిపోయి మీరాబీ ఉన్నిబుట్టలో గుడ్లు పెట్టింది. అక్కడొచ్చింది తంటా.

"కోడి నాది."

"బుట్ట నాది. ఉన్నంతా పాడుచేసింది. గుడ్లు నాయే!"

ఆ పూట నుంచి మాటల్లేవు. కోపమంతా పంజాలోకి దిగింది. హుస్సేనమ్మ నన్ను దబదబా బాదేది. మీరాబీ మొహం తిప్పుకుని, పంజా ఆనీ ఆననట్టు ఆనించి వదిలేసేది. సగం నేత అయ్యేసరికి కుడివైపు అణిగిపోయి, ఎడమవైపు జానెడు పైకి లేచాను.

అత్త కాశింబీ నన్ను చూసి నెత్తి కొట్టుకుంది. సరుకు వంకరగా వస్తే మగ్గం ఊడదీసుకుపోతానని, మగ్గమూ ఉన్నీ ఇచ్చి నేయించుకునే షావుకారు ముందే చెప్పాడు. ఆ ఇంటికి కూడు పెట్టేది ఆ మగ్గమొక్కటే. విప్పి మళ్ళీ నేసే వ్యవధి లేదు.

"మిమ్మల్ని మాటాడుకోమనట్లేదమ్మా. చోట్లు మార్చుకు కూచోండి, చాలు" అంది.

మార్చుకున్నారు. హుస్సేనమ్మ దెబ్బలు ఎత్తువైపు పడ్డాయి. నేను సర్దుకోసాగాను. అయితే అవతలి సగం పువ్వు ఆవిడకేం తెలుసు? కాసేపు తంటాలు పడి, మగ్గంకేసి చూస్తూనే అడిగింది.

"ఈ కాడ ఎటు తిరుగుద్ది?"

"లోపలికక్కా. ఆనక రెండు ఎర్రముళ్ళు."

"బాగానే ఉందే నీ కాడ."

వారం తిరక్కముందే ఇద్దరూ కిలకిల్లాడుతున్నారు. హుస్సేనమ్మ చెయ్యి దూదయిపోయింది. పంజా నన్ను నిమురుతోంది. నాలుగువేళ్ళ వంకర ఇంకా అలాగే ఉంది!

కాశింబీ లబోదిబోమంది. "అప్పుడే కలిసిపోయారేంటే? ఇది మట్టమయ్యేదాకా ఆగలేపోయారా? ఒసే హుస్సేనూ, ఆ గుడ్లు ఇదొక్కతే పొరుటేసుకు తినేసింది, తెలుసా?"

"తిన్నావటే?"

అత్త ఎత్తు మీరాబీకి అర్థమైంది. "తిన్నానక్కా. ఉప్పు కాస్త తగ్గిందిగానీ..."

దబ్! దబ్! ఈసారి హుస్సేనమ్మ నవ్వుతూనే బాదింది. చెయ్యి నెమ్మదించినప్పుడల్లా మీరాబీ పక్కనుంచి, "ఉల్లిపాయ మాత్రం బాగా వేగిందక్కా" అని ఎగదోసింది.

షావుకారు వచ్చి టేపు పట్టాడు. రెండు అంచులూ సమానం. మగ్గం ఊసెత్తకుండా, ఇంకో తివాచీకి ఉన్ని దించి, నన్ను చుట్టుకుపోయాడు.

ఇప్పుడు ఓ వకీలుగారి హాల్లో పరుచుకుని ఉన్నాను. టేపు అంచులే కొలిచింది. నా నడుమ మెలిక అలాగే ఉండిపోయింది. టీపాయి వేస్తే ఓ కాలు ఊగుతుంది. నేల మట్టం చెయ్యడం చేతకాలేదని వకీలుగారు ఇప్పటికీ మేస్త్రీని తిడుతుంటారు. పాపం, అతని తప్పేం లేదు. నాకు నోరున్నా చెప్పను. తంగెళ్ళమూడి పంచలో మగ్గం ఇంకా ఆడుతోంది.