సున్నపు తేట

బోటు ఓనరు సత్యానందానికి భార్య తమ్ముడు హనోకు మీద అనుమానం. ఆ బోటు నడిపేది హనోకే. గిలకలదిండి రేవులో చేపల వేలంపాటకి పక్క బోట్లన్నిటికీ వంజరం చేప దిగుతోంది, తన బోటుకి మాత్రం రావడం లేదు. పడ్డ చేపని నడిసముద్రంలోనే ఎవరికో అమ్మేస్తున్నాడని ఆయన గట్టి నమ్మకం.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, సైన్సు టీచరైన కూతురు వినీల మర్నాటి పాఠానికి వంటింట్లో సరంజామా పెట్టుకుంది. మంగినపూడి బీచిలో ఏరిన గుల్లల మీద పల్చటి యాసిడ్ పోసింది. బుసబుసా నురగ పొంగింది. సీసా మూతికి పెట్టిన గొట్టం గుండా బుడగలు సున్నపు తేటలోకి పోయి, ఆ తేట పాలలా తెల్లబడింది.

"గుల్లలో దాగిన కార్బన్ డయాక్సైడ్ నాన్నా. రంగుండదు, వాసనుండదు. ఈ తేటయితే పట్టిచ్చేస్తుంది. మన ఊపిరిలో కూడా..."

సత్యానందం చెవి 'పట్టిచ్చేస్తుంది' దగ్గరే ఆగిపోయింది. ఇంకో సీసా అడుగున ఉన్న కాస్త తేట, ఓ గొట్టం పట్టుకుని గుమ్మం దాటేశాడు. ఆ గాలి ఇంకా పంపితే తెలుపు పోయి మళ్ళీ తేటపడుతుందని వినీల గోడకి చెప్పుకుంది.

రేవులో ఐసు ఎక్కించడం అయిపోయింది. బయల్దేరబోతున్న హనోకుని ఆపాడు.

"ఊదరా."

"ఏంటి బావా ఇది? బైబిలు పట్టుకుని చెప్తానన్నాగా."

"చెప్పడానికి నోరుంటే చాలు. ఇది లోపల దాచింది బయటపెట్టుద్ది. తెల్లబడితే బోటు దిగిపో."

"ఓనరుగారు పోలీస్ స్టేషన్ పెట్టారండోయ్!" అన్నాడు బోటులో పనిచేసే కలాసీ అబ్బులు.

హనోకు ఊదాడు. తెల్లబడింది. అబ్బులు నవ్వు ఆగిపోయింది.

"బోటు తాళంచెవి ఇలా తే," అన్నాడు సత్యానందం.

హనోకు మొహం కందిపోయింది. "ఉండు బావా. నాలో ఉన్నదంతా వచ్చేదాకా ఊదుతా."

రోషం కొద్దీ ఊదాడు. కళ్ళు ఎర్రబడ్డా ఊపిరి తీసుకుని మళ్ళీ ఊదాడు. తెలుపు పల్చబడింది. చివరికి సీసా అడుగు కనపడింది.

"ఇప్పుడేమంటావు?"

సత్యానందం సీసాని ఎండకి పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. వాసన చూశాడు.

"ఓసారి మీరూ ఊదండి ఓనరుగారూ," అన్నాడు అబ్బులు.

ఆయన ఊదలేదు. తాళంచెవి హనోకు దగ్గరే వదిలేసి, లుంగీ ఎగ్గట్టి బోటెక్కాడు. చేపలు పోసే ఐసు గది మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"నీకు సముద్రం సరిపడదు బావా, వాంతులవుతాయి."

"అవనీ," అన్నాడు సత్యానందం, మూత మీంచి లేవకుండా.