గద్వాల మెయిల్ తెరవొద్దు

శంకరయ్య సారుకు కోపం ముక్కు మీదే ఉంటుంది. వనపర్తి కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే ఆయన, నేతపనివాళ్ల కోసం మెయిలింగ్ లిస్టు ఒకటి పెట్టాడు. అందులో ఒక్క మెయిల్ వేస్తే బెంగుళూరు షాపుల దాకా తొంభై మందికి చేరుతుంది. తొంభైతొమ్మిది జనవరిలో దానికి వైరస్ తగులుకుంది. మెయిల్ వెంట పటాకులు పేలే బొమ్మ ఒకటి వచ్చేది. తెరిచారా, ఇక వాళ్లు పంపే ప్రతి మెయిల్ వెంటా అది పోయేది. గద్వాల అడ్రసు నుంచి అది రావడం చూసి సారు మండిపడ్డాడు. ఆ అడ్రసును లిస్టులోకి రానీయకుండా ఆపేశాడు. "గద్వాల మెయిల్ ఏదొచ్చినా తెరవొద్దు, తీసేయండి" అని అందరికీ రాసి పడేశాడు కూడా.

గద్వాలలో నలభై మగ్గాల ఇళ్లకు ఉన్నది ఆ ఒక్క అడ్రసే, బస్టాండు దగ్గరి కంప్యూటర్ సెంటరుది. సారుకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఆపాడంటే ఎంత తిక్క మనిషో చూడండి!

నాలుగో రోజు గద్వాల నేతగాడు బాలకిష్టయ్య బస్సు దిగి తిన్నగా సారు గదిలోకి వచ్చాడు. చంకలో కాగితాల కట్ట.

"నా అంచు డిజైన్ ఎందుకాపినవ్ సారూ? బెంగుళూరు సేటు ఈ వారంల చూస్తనన్నడు. ఇరవై చీరల పని! లిస్టుల పోకపోతే సేటుకే పంపించిన, జవాబే లేదు. నెల సంది మగ్గం ఖాళీగున్నది."

"మీ గద్వాలోళ్లే వైరస్ పంపుతుండ్రు. మల్ల నన్నే అడుగుతవా, సిగ్గులేదా?"

"మేమా?" బాలకిష్టయ్య కట్టను బల్ల మీద కొట్టాడు. మగ్గాల వాళ్లు తెర మీద చదవరు. వచ్చిన ప్రతి మెయిలునూ కాగితం మీద తీయించి, దారం కట్టి దాచుకుంటారు. "సూడు. పటాకుల బొమ్మ మాకు మూడో తారీఖు వచ్చింది. ఎవరు పంపిండ్రో నువ్వే సదువు. సారు పంపిండు గదా అని తెరిచినం!"

శంకరయ్య చదివాడు. తన పేరే. కొత్త సంవత్సరం నాడు ఎవరో పంపిన ఆ పటాకులు చూసి మురిసిపోయింది తానే. అందరి మెయిళ్లనూ జల్లెడ పట్టినవాడు తనవి ఒక్కసారీ చూసుకోలేదు. అయినా నోరు ఊరుకుంటేనా!

"తెరిచేముందు నన్నడగొద్దా?"

"మా అడ్రసు మూసేముందు నువ్వు మమ్మల్నడిగినవా?"

సారు గబగబా బెంగుళూరుకు ఫోన్ కలిపాడు. సేటు గొంతు సంతోషంగా ఉంది.

"మీరు రాసినట్టే గద్వాల మెయిల్ తెరవకుండా తీసేశాను సార్. డిజైన్ రాలేదని పొద్దున్నే పని వేరేవాళ్లకిచ్చేశాను. మీ దయవల్ల నా కంప్యూటర్ బతికింది!"

"ఏమంటుండు?" అన్నాడు బాలకిష్టయ్య.

శంకరయ్య తలెత్తలేకపోయాడు. "నా మాట విన్నడు. నీది తీసేసిండు. పని వేరేటోళ్లకిచ్చిండు."

బాలకిష్టయ్య కట్టను మళ్లీ చంకన పెట్టుకున్నాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు.

"గీ ముచ్చట గూడ తొంభై మందికి రాయి సారూ."