ముడి ఆగిన ఊరు

శనివారం మధ్యాహ్నం ఆఫీసు ఖాళీ అయ్యాక ఆమె ఆ బల్ల ముందు ఒంటరిగా మిగిలింది. కిటికీలోంచి పడిన ఎండలో దూది నలకలు తేలుతున్నాయి. పరుపులు, దిండ్లు తయారుచేసే కంపెనీ అది. కార్ఖానా పక్క వీధిలో ఉన్నా దూది మాత్రం పిలవని చుట్టంలా అన్ని గదుల్లోకీ వస్తుంది.

బల్ల పైభాగం ఎండిపోయిన పాత చెక్క. దాని మీద కంపెనీ సరుకు వెళ్ళే ఊళ్ళ పటం అతికించి ఉంది. ఊరికొక రంధ్రం. ప్రతి రంధ్రంలోంచీ ఒక నూలు దారం కిందికి దిగి, చివర ఒక ఇసుక సంచిని మోస్తోంది. ఏ ఊరికి లారీల్లో ఎంత సరుకు పోతుందో ఆ ఊరి సంచిలో అంత ఇసుక. కార్ఖానా ఉన్న ఈ ఊరి నుంచి గోడౌన్‌కి సరుకు రైల్లో చవగ్గా పోతుంది కాబట్టి దీని సంచిలో గుప్పెడే. పైన దారాలన్నీ ఒకే ముడిలో కలుస్తాయి. వదిలేస్తే ముడి తనంత తానే జరిగి, లాగుళ్ళన్నీ సరిపడిన చోట ఆగుతుంది. అక్కడ గోడౌన్ పెడితే రవాణా ఖర్చు అన్నిటికన్నా తక్కువ. అక్కడక్కడా ఉన్న పాత గోడౌన్లు మూసేసి ఒకే పెద్ద గోడౌన్ కట్టాలని యజమాని అనుకున్నాడు. ఏ ఊళ్ళో కట్టాలో సోమవారం ఆమె చెప్పాలి.

బల్ల చేయించింది రవాణా చూసే పెద్దాయన. అందరూ లారీ బాబాయ్ అంటారు. నిన్న సెలవు మీద వెళ్తూ గుమ్మంలో ఆగి మరీ చెప్పాడు.

"ముడి ఆగిందని సంబరపడకు అమ్మాయ్. చెక్క దారాన్ని పట్టుకుంటుంది. బల్లని తడుతూ ఉండు. తట్టినా కదలకపోతేనే అది దాని చోటు."

"ఎన్నిసార్లు తట్టాలి బాబాయ్ గారూ?"

"నీకు విసుగొచ్చాక ఇంకోసారి."

ఆమె తట్టింది. ముడి పటం మధ్యలోంచి బయల్దేరి, కొండ ఊరి పక్కగా మెల్లగా జరిగింది. కొండ ఊళ్ళోని పాత గోడౌన్ చూసుకునేవాడు ఆమె భర్త. పెళ్ళైన దగ్గర్నుంచీ వాళ్ళ కాపురం శని, ఆదివారాల కాపురమే. ఇప్పుడు ఆ గోడౌన్ మూతపడుతుంది. కొత్తది ఏ ఊళ్ళో ఉంటే అతను ఆ ఊరు వెళ్ళాలి. జంక్షన్ ఊరైతే ఇక్కడికి బస్సులో అరగంట, రోజూ ఇంటికి రావచ్చు. సముద్రం పక్కన రేవు ఊరైతే రాత్రంతా రైలు ప్రయాణం. అప్పుడు శని, ఆదివారాలు కూడా ఉండవు.

ముడి జంక్షన్ ఊరి మీదకి వచ్చి ఆగింది.

ఆమె అరచెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. రెండో చేత్తో రేవు దారాన్ని ముట్టుకుంది. చెప్పాల్సింది ఇంకా మిగిలి ఉన్నవాడి గొంతులా బిగుసుకుని ఉంది. రేవు సంచిని నింపింది తనే. ఓడల వాళ్ళు, హోటళ్ళ వాళ్ళు పరుపులు కొనడం మొదలుపెట్టాక మిగతా ఊళ్ళన్నీ ఒక ఎత్తు, రేవు ఒక్కటీ ఒక ఎత్తు. ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ తెలియడం మనసులో ఒక గదిలో ఉంటుంది, ఒప్పుకోవడం ఇంకో గదిలో. మధ్య తలుపు మనమే చేరవేస్తాం, గడియ మాత్రం పెట్టం.

ఆగిందిగా, అనుకుంది. చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత పక్క గదిలోకి వెళ్ళి, కొనేవాళ్ళకి చూపించే పరుపుల్లో ఒకదాని మీద వాలింది.

నిద్ర ఎప్పుడొచ్చిందో తెలియలేదు. తెల్లటి మైదానంలో పడుకుని ఉంది. చుట్టూ ఊళ్ళు, నూతుల్లా నోళ్ళు తెరుచుకుని. ఒక్కో నూతిలోంచి ఒక్కో దారం వచ్చి ఆమె వేళ్ళకి కట్టి ఉంది. ఎవరో లోపల కూర్చుని లాగుతున్నారు, నొప్పి లేకుండా, పిల్లని జోకొట్టినట్టు. అన్ని వేళ్ళూ సాగుతున్నాయి గాని చిటికెన వేలి దారం వదులుగా నేల మీద పడి ఉంది. ఆ దారం ఏ ఊరిదా అని దాన్ని పట్టుకుని నడిచింది. నడవగా నడవగా తన ఇంటి గుమ్మం వచ్చింది. లోపల ఎవరూ లేరు. గోడకి తన గొడుగు వేలాడుతోంది.

"కంపెనీ జీతం తీసుకుంటూ కంపెనీ పరుపు మీదే నిద్రా?"

కళ్ళు తెరిచింది. భర్త చేతి సంచితో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నిద్ర కాదు, తనిఖీ," అంది లేస్తూ. "ఇంటికెళ్ళలేదా?"

"వెళ్ళా. తాళంకప్ప పలకరించింది. ఇంకెవరూ పలకరించేలా లేరని ఇటొచ్చా."

అతన్ని బల్ల దగ్గరికి తీసుకెళ్ళింది. అతను వంగి చూశాడు.

"ఇదేంటే, సాలెగూడా?"

"మన కాపురం," అంది. అలా అంటానని ఆమె అనుకోలేదు. "అదిగో ముడి. దాని కింద ఏ ఊరుందో చూడండి."

"జంక్షన్!" అతని ముఖం విప్పారింది. "అంటే రోజూ ఇంటికొచ్చి నీ చేత తిట్లు తినొచ్చన్నమాట."

"వారానికోసారి పెట్టేవి రోజుకింత సర్దుతాలెండి."

అతనికో అలవాటుంది. గోడౌన్లో పరుపుల దొంతర పక్కనుంచి వెళ్తూ దాన్ని అరచేత్తో చరచకుండా ఉండలేడు. చరిస్తే దొంతర సర్దుకుంటుంది. ఇంట్లో అలమరనీ, బస్సులో సీటునీ, సంతోషం పట్టలేనప్పుడు ఆమె వీపునీ అలాగే చరుస్తాడు. ఇప్పుడు "భలే!" అంటూ బల్లని చరిచాడు.

నిద్రలో ఒత్తిగిల్లినట్టు ముడి పక్కకి జరిగింది.

అతని నవ్వు సగంలో ఆగింది. "పాడుచేశానా?"

"లేదు."

వెనక్కి వస్తుందేమోనని మెల్లగా మళ్ళీ తట్టాడు. ముడి ఇంకాస్త దూరం పోయింది. ఇంకోసారి. నది గీత దాటింది, రైలు పట్టాల గీత దాటింది, రేవు రంధ్రం అంచుకి చేరి నిలిచింది. ఆ తర్వాత ఎంత తట్టినా కదల్లేదు.

"వెనక్కి రాదా?"

"రాదండీ."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసనే అనుకుంటా."

అతను ముడిని వేలితో లాక్కొచ్చి జంక్షన్ ఊరి మీద అదిమిపట్టాడు. "ఇదిగో, ఉంది. నేనేం చూడలేదు. నువ్వూ చూడలేదు."

"వేలు తియ్యండి."

"తియ్యకపోతే?"

"సోమవారం దాకా ఇలాగే నిలబడతారా?"

"నువ్వడగాలే గాని మంగళవారం దాకా నిలబడతా."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే వంగి బల్ల కిందకి చూసింది. సంచులు వేలాడుతున్నాయి. ఈ ఊరి సంచి అన్నిటికన్నా చిన్నది, కిటికీ గాలికే ఊగుతోంది. చిటికెన వేలు గుర్తొచ్చింది. కొండ ఊరు వచ్చెయ్యమని అతను అడిగినప్పుడల్లా, నా పని ఇక్కడుంది కదా అనేది. ఈ ఊరు తనని లాగుతోందనే ఇన్నాళ్ళూ అనుకుంది. ఊరు లాగలేదు. చెక్క దారాన్ని పట్టుకున్నట్టు ఊరికే పట్టుకుంది. ఎవరూ తట్టలేదు కాబట్టి తను ఉండిపోయింది. అలా ఉండిపోవడాన్నే తన ఇష్టం అని పిలుచుకుంది. పనిని మాత్రం నిజంగానే ఇష్టపడింది. అయితే ఆ పని ఈ కుర్చీలోనే ఉందా?

"కొత్త గోడౌన్‌కి పెద్ద ఎవరన్నది ఇంకా తేలలేదు," అంది బల్ల కిందనుంచే. "సోమవారం రేవు అని చెప్పి, ఆ ఉద్యోగం నాకిమ్మని అడుగుతా."

"అంటే నా మీద అధికారం నీదా?"

"ఇప్పుడు కాదా?"

అతను ఒప్పుకుంటున్నట్టు తలూపాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఇవ్వనంటే? ఈ కుర్చీ కోసమే కదా ఇన్నాళ్ళూ..."

"అప్పుడు మళ్ళీ దారాలు కడదాం. అంతేగాని ముడిని వేలితో నొక్కిపెట్టి కాపురం చెయ్యలేనండీ."

అతను వేలు తీశాడు. ముడి జంక్షన్ ఊరి మీద మొహమాటానికి ఆగినట్టు కాసేపు ఆగింది. ఎండ కిటికీ దాటిపోయింది. దూది నలకలు ఇంకా ఎటు పడాలో తేల్చుకోలేదు.

ఆమె లేచి నిలబడి చెయ్యి ఎత్తింది. ఈసారి అది గాల్లో ఆగలేదు.