రెండు గిన్నెలు, ఒక్క ధర

చారుకు పులుసు పిండగా మిగిలిన చింతపండు పిప్పిని ఏ ఇంట్లోనైనా రాగిచెంబులు తోమడానికి దాచుకుంటారు. కమల ఇంట్లో అది రూపాయలు తోమడానికి పనికొస్తుంది. ఊళ్ళ నుంచి వచ్చే ఆడవాళ్ళ మెడల్లోని రూపాయల పేర్లు, అంటే దారానికి గుచ్చిన వెండి రూపాయల దండలు, ఏళ్ళ తరబడి చెమటా, పసుపూ, పొలం మట్టీ తాగి నల్లబడి ఉంటాయి. వాటిని పిప్పితో రుద్ది, కుంకుడు నీళ్ళలో జాడించి, పాత పంచె ముక్కతో తుడిచి, ఒక్కో రూపాయినీ వేలికొస మీద నిలబెట్టి ఇంకో రూపాయితో తట్టి వినాలి. అసలు వెండిదైతే సన్నగా చాలాసేపు మోగుతుంది. లడాయి కాలంలో, అంటే రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, కొట్టిన రూపాయి, తెల్లవాళ్ళ రాజుదైనా నిజాందైనా, సగమే వెండి. అది టక్కుమని ఊరుకుంటుంది. రాజు తలకాయా, చార్మినార్ బొమ్మా, సంవత్సరం అంకెలూ మెడల మీద అరిగి నున్నబడ్డాక కంటితో పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. చెవితోనే పట్టుకోవాలి. ఆ చెవి కమలకు ఉంది. పెళ్ళై వచ్చిన కొత్తలో అత్త పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. నేర్పుతూ ఒక మాట కూడా చెప్పింది. "చెవి మంచిగున్నది బిడ్డా నీది. దాంతోనే పని చెయ్యి. నోరు మాత్రం మధ్యల పెట్టకు."

వరంగల్ చౌరస్తాకు దగ్గరి సందులో వీరభద్రం వెండి దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మధ్యలో ఒక పరదా. మెడలో సొమ్ము మగవాళ్ళ ముందు తీయాలంటే ఊరి ఆడవాళ్ళకు మనసొప్పదు. అందుకని వీరభద్రం గద్దె మీద కూర్చునే "లోపలికి పో అవ్వా, మా ఆడామె ఉన్నది" అంటాడు. లోపల కమల పీట వేస్తుంది, మంచినీళ్ళిస్తుంది, వానల గురించీ బిడ్డల గురించీ అడుగుతుంది, దారం తెంపి రూపాయలు కడుగుతుంది. మంచివి స్టీలు గిన్నెలో, లడాయివి ఇత్తడి గిన్నెలో వేసి, రెండు గిన్నెలనూ పరదా కిందినుంచి ముందుకు జరుపుతుంది. కాసేపటికి ముందునుంచి ఒకే ఒక్క ధర వస్తుంది. "అన్నీ కలగలుపు రూపాయలు అవ్వా." కలగలుపు ధర అంటే లడాయి రూపాయి ధర. సాయంత్రం పెద్ద బేరగాడు వచ్చినప్పుడు ఆ రెండు గిన్నెలూ మళ్ళీ రెండు ధరలకు అమ్ముడుపోతాయి.

కమలకు ఇది తెలియక కాదు. తెలుసు. పీట మీద కూర్చున్న ఆడమనిషి "మా రూపాయలు మంచియి కావా అమ్మా?" అని అడిగినప్పుడల్లా ఆమె తల దించుకుని ఒకటే మాట చెప్పేది. "నాకు ధరల సంగతి తెల్వదు. నేను కడుగుతా అంతే." చెప్పగా చెప్పగా ఆ మాట నిజమేనేమో అనిపించేది కూడా. వీరభద్రం సైతం తోటి వర్తకుల దగ్గర అదే అనేవాడు. "మా ఆడామెకు యాపారం ఏం తెలుసు? కడుగుతది." మొగుడూ పెళ్ళాల మాట ఇంతగా కలిసిన ఇల్లు ఆ సందులో ఇంకోటి ఉండి ఉండదు.

ఎనభయ్యో సంవత్సరం మొదట్లో వెండికి పిచ్చెక్కింది. పొద్దున పట్నం నుంచి ఫోన్లో వచ్చిన ధర సాయంత్రానికి పాతబడేది. ధర దిగిపోయేలోగా అమ్ముకోవాలని నర్సంపేట దిక్కునుంచీ, పాలకుర్తి దిక్కునుంచీ, ఎటు చూస్తే అటునుంచి ఆడవాళ్ళు బస్సులు దిగి వచ్చారు. కమల పొద్దున పొయ్యి ముట్టించింది మొదలు ఇంటిల్లిపాదికీ వంట, గద్దె మీది పెద్దమనుషులకు చాయ్‌లు, పీట మీదివాళ్ళకు నీళ్ళు, ఆపైన రూపాయలు. చింతపండు పులుపుకు వేళ్ళ సందులు పగిలి ఉప్పు తగిలితే మండేవి. "ఈ నెల మనకు ఇల్లు నిండింది" అని వీరభద్రం సంబరపడ్డాడు. ఆ మాటలో మనమంటే ఎవరెవరో కమలకు అర్థం కాలేదు.

అసలు బాధ వేళ్ళది కాదు, కుడి చెవిది. రెండేళ్ళ కింద చీము కారడం మొదలైంది. తర్వాత చీము తగ్గి, తుమ్మెద దూరినట్టు రొద పట్టుకుంది. హనుమకొండలో డాక్టరు చూసి, కర్ణభేరికి చిల్లు పడిందనీ, పట్నంలో ఆపరేషన్ చేస్తారనీ, ఆలస్యం చేస్తే ఉన్న వినికిడి కూడా పోతుందనీ చెప్పాడు. ఆమె ఆ మాట చెప్పినప్పుడు వీరభద్రం తమ్ముడితో కలిసి అన్నం తింటున్నాడు. "ఇంకో చెవి ఉన్నది గదనే!" అన్నాడు. తమ్ముడు పొలమారేదాకా నవ్వాడు. కమల నీళ్ళు అందించింది. నవ్వినవాడికి నీళ్ళు అందించడం కూడా ఆమె పనే.

ఆ రద్దీలో ఒకరోజు పొరపాటు జరిగింది. లడాయి రూపాయలు కొన్ని స్టీలు గిన్నెలోకి పోయాయి. పెద్ద బేరగాడు మర్నాడు వాటిని తెచ్చి గద్దె మీద గుమ్మరించాడు. వీరభద్రం పరదా ఎత్తి, సగం కడిగిన రూపాయల పేరు ఒళ్ళో పెట్టుకున్న పరాయి ఆడమనిషి ముందే అరిచాడు. "చెవులున్నయా, పోయినయా? నీ ఎంబడి నా ఇజ్జత్ పోయింది!" ఇన్నేళ్ళలో ఆ చెవి తెచ్చిపెట్టిన లాభానికి ఎవరూ ఆమె పేరు చెప్పలేదు. మొదటి నష్టానికి మాత్రం ఆ చెవి ఆమెదే అని అందరికీ గుర్తొచ్చింది. కమలకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎడమ చెవి కూడా పోతే తాను ఈ ఇంట్లో ఏమిటి? కడిగే మనిషి కూడా కాదు. ఇంకెవరికోసమూ కాదు, తనకోసం తన చెవి బాగుచేయించుకోవాలి అనుకుంది.

డబ్బు లేకపోలేదు. బియ్యం డబ్బాలో, అడుగున, మూటగట్టి ఆమె సొంత రూపాయలున్నాయి. వాడకట్టు ఆడవాళ్ళకు నల్లపూసలు గుచ్చిపెట్టి, వాళ్ళిచ్చిన చిల్లర కూడబెట్టి, ఏడాదికి నాలుగైదు చొప్పున మొగుడి దుకాణంలోనే కొన్నవి. తాను ఏరిన రూపాయిని తానే పూర్తి ధరకు కొనుక్కుంటుంటే వీరభద్రం "ఇంటి గిరాకీ వచ్చింది" అని ఆటపట్టించి పైసా తగ్గించకుండా తీసుకునేవాడు. అయినా ఆమెకు అందులో ఒక సంతోషం ఉండేది. విడిగా అమ్మకానికొచ్చిన రూపాయల్లో ఒక్కోదాన్ని తట్టి, మోత పూర్తిగా ఆగేదాకా విని, అంచు అరగనిది, చిల్లు లేనిది, కొండి అతికించనిది చూసి పక్కకు పెట్టేది. పండక్కి చీర ఎంచుకోవడం కూడా ఆమె చేతిలో ఉండేది కాదు. రూపాయిని ఎంచుకోవడం ఉండేది.

మూట తెచ్చి మొగుడి ముందు విప్పింది. ఆపరేషన్‌కు అని చెప్పింది. అతను చేత్తో కెలికి, "కలగలుపు ధర ఇస్త" అన్నాడు.

"ఇండ్ల కలగలుపు లేదు. అన్నీ నేను ఏరి కొన్నయే."

"నువ్వు ఏరినవా? చెవి వినపడ్తలేదంటివి గదా!" అని నవ్వి, "అయినా ఇంట్లయి ఇంట్ల అమ్ముడేందే? ఇయ్యి, తిజోరిల పెడ్త. ఈ గిరాకీ తగ్గినంక నీ చెవి సంగతి చూద్దాం" అన్నాడు.

కమల మూట కట్టుకుని లోపలికి వచ్చేసింది. తాను కొన్నప్పుడు మంచి రూపాయలు, అమ్మబోతే కలగలుపు. మధ్యలో మారింది రూపాయలు కాదని ఆమెకు బాగానే తెలుసు.

మర్నాడు వేయిస్తంభాల గుడికి పోతున్నానని చెప్పి హనుమకొండ బస్సెక్కింది. బజారులో ఒక వెండి దుకాణం మెట్లెక్కి "రూపాయలు అమ్మాలె" అంది. ఇరవై ఏళ్ళుగా వెండిలో చేతులు పెట్టిన మనిషి మొహం ఆ బజారులో ఒక్కరికీ తెలియదు. గద్దె మీది సావుకారి తలెత్తకుండానే, "లోపలికి పో అమ్మా, మా ఆడామె చూస్తది" అన్నాడు. ఇక్కడా పరదా ఉంది.

పరదా వెనక నిర్మల అనే పిల్ల, పాతికేళ్ళుంటాయేమో, పీట వేసి మంచినీళ్ళిచ్చింది. "ఏ ఊరక్కా? పిల్లలెందరు?" అని అడిగింది. అవి కమల రోజూ అడిగే మాటలే. ఆ పిల్ల రూపాయలు కడిగి, వేలి మీద నిలబెట్టి తట్టసాగింది. చెవి మంచిదే, చేతిలో తొందర ఉంది. కమల ఎడమ చెవి అటు తిప్పి తనూ వింది. ఒక్కొక్కటీ సన్నగా మోగి స్టీలు గిన్నెలో పడుతోంది. పక్కన ఇత్తడి గిన్నె ఉత్తదే ఉండిపోయింది. నిర్మల స్టీలు గిన్నె ఒక్కటే ముందుకు జరిపింది.

కాసేపటికి ముందునుంచి మాట వచ్చింది. "కలగలుపు రూపాయలమ్మా ఇవి." ఆ వెంటే ధర చెప్పాడు.

"పంపింది ఒక్క గిన్నె గదా చెల్లే. కలగలుపు ఎట్లయింది?" అని అడిగింది కమల.

నిర్మల తల దించుకుంది. తడి చేతులు చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది. "నాకు ధరల సంగతి తెల్వదక్కా. నేను కడుగుతా అంతే."

ఎవరో చెంప మీద కొట్టినట్టైంది కమలకు. ఆ తల దించుకోవడం వినయమని ఇన్నాళ్ళూ అనుకుంది. పీట మీద కూర్చుని చూస్తే అది ఎట్లా కనిపిస్తుందో ఎప్పుడూ తెలియలేదు. నీళ్ళిచ్చిన చేయి, పిల్లల గురించి అడిగిన నోరు, అంత మంచిగా మాట్లాడిన మనిషి, అడగాల్సిన ఒక్క మాట అడిగేసరికి గోడలా నిలబడింది. ఆ ఆడవాళ్ళంతా దుకాణాన్ని నమ్మలేదు, వీరభద్రాన్ని నమ్మలేదు. తనను నమ్మారు. తన మొహం చూసి మెడలో దారం తెంపనిచ్చారు. సిగ్గుతో ఆమె మెడా చెవులూ వేడెక్కాయి. ఈ పిల్ల మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. ఈ పిల్లకూ ఎవరో ఒక అత్త నేర్పి ఉంటుంది.

కమల లేచింది. పరదా పక్కకు తోసి ముందు గదిలోకి వచ్చి, గద్దె అంచున కూర్చుంది. సావుకారి బిత్తరపోయాడు. కూర్చున్న గిరాకీలు కూడా చూశారు.

"ఏందమ్మా, ఇటొచ్చినవ్?"

"నా రూపాయలు ఇటొచ్చినయ్, నేనూ వచ్చిన." గిన్నెలోంచి ఒకటి తీసి వేలి మీద నిలబెట్టి తట్టింది. గదంతా వినిపించేలా మోగింది. "ఇండ్ల లడాయి రూపాయి ఒక్కటి తీసి చూపియ్యి సావుకారీ, మొత్తం నీకే ఇడిచిపెట్టి పోత. లేకుంటె పొద్దుగాల పట్నం నుంచి ఏం ధర వచ్చిందో ఆ ధర కట్టియ్యి. నీకొచ్చిన ఫోనే అందరికీ వస్తది."

సావుకారి గిన్నె వంకా, గిరాకీల వంకా చూసి, పాపం, ఒక్క రూపాయి కూడా తీయలేదు. ధర కట్టిచ్చాడు. పరదా చివర పట్టుకుని నిర్మల చూస్తూ ఉంది.

ఇంటికి వచ్చేసరికి వీరభద్రం మండిపడుతున్నాడు. "గుడికి పోతే గింతసేపా? లోపల మొగిలమ్మ పొద్దటిసంది కూసున్నది."

మొగిలమ్మది పాలకుర్తి అవతల పల్లె. తల్లి ఇచ్చిన రూపాయల పేరు అమ్మి బావి పూడిక తీయించుకుందామని వచ్చింది. కమల కాళ్ళు కడుక్కుని వచ్చి, దారం తెంపి, కడిగి, ఎడమ చెవి దగ్గర పెట్టుకుని నిదానంగా తట్టింది. అనుమానం వచ్చినదాన్ని రెండోసారి తట్టింది. స్టీలు గిన్నె దాదాపు నిండింది. ఇత్తడి గిన్నెలో కొన్ని పడ్డాయి. అలవాటుగా చేయి పరదా కిందికి పోబోయి ఆగింది.

"లే మొగిలక్కా. ముందటికి పోదాం."

"మొగోళ్ళున్నరు గదమ్మా."

"మెడలకెళ్ళి తీసినం గదా, ఇంకేం సిగ్గు? నీ సొమ్ము బేరమైతాంటె నువ్వు లేకుంటె ఎట్ల?"

చేయి పట్టుకుని తెచ్చి గద్దె ముందు కూర్చోబెట్టింది. రెండు గిన్నెలూ వీరభద్రం ముందు పెట్టి, మొగిలమ్మకు అర్థమయ్యేలా, బజారులోకి వినపడేలా చెప్పింది. "ఈ గిన్నెలయి మంచి రూపాయలు. దీంట్లయి లడాయివి, సగం వెండి. దీనికో ధర, దానికో ధర. రెండూ చెప్పుండ్లి."

దుకాణం నిండా మనుషులున్నారు. పెద్ద బేరగాడు కూడా ఉన్నాడు. వీరభద్రం రెండు గిన్నెలనూ దగ్గరికి లాక్కున్నాడు. అతని నోట ఈసారి రెండు ధరలే వచ్చాయి. మొగిలమ్మ పైసలు కొంగున ముడేసుకుంటూ ఒకసారి కమల వైపు చూసింది.

అన్నానికి లోపలికొచ్చిన వీరభద్రం కంచం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు. "ఏం పుట్టిందే నీకు? దుకాణం ముంచుతానవా? ఇన్నేండ్లు నీ చెవి నమ్ముకొని యాపారం చేస్తే ఇదా?"

ఆమె పెళ్ళైనప్పటినుంచి ఇదే మొదటిసారి అతను ఆ మాట ఒప్పుకోవడం. తిట్టులో దొర్లింది కాబట్టి అతనికి తెలిసి ఉండదు. కమల పప్పు వడ్డించింది.

"ఆ చెవి సంగతే చెప్తాన. నా రూపాయలు అమ్మిన. మంచి ధరే వచ్చింది. సోమవారం పట్నం పోయి ఆపరేషన్ చేయించుకుంట. మా తమ్ముడు తోడొస్తడు."

ఎంతకు అమ్మిందో, ఎవరికి అమ్మిందో, నొప్పి ఎట్లా ఉందో, ఆపరేషన్‌కు భయమైతుందా అనో ఏదో ఒకటి అడుగుతాడని ఆమె చూసింది. వీరభద్రం అన్నంలో వేళ్ళు పెట్టి ఆలోచించాడు.

"మరి లోపల ఎవలు కూసుంటరు?" అన్నాడు చివరికి.

"ఎవలూ కూసోరు," అంది కమల. "నేను వచ్చినంక గూడ గద్దె మీదనే కూసుంట. జర జరిగి నాకు జాగ ఇయ్యుండ్లి."